గడ్డ కరిగిందని ఆపరేషన్ ఆపి సుగ్గికి పోవద్దు



ఈరోజు పత్తి రేటు లేదు, ఎల్లెల్సీ నీళ్ళ సంగతి లేదు, ఉల్లిగడ్డ ఎంతకు పోయిందో అదీ లేదు. ఆడోళ్ళకు రొమ్ములో వచ్చే క్యాన్సర్ గురించి రాస్తున్నా. "మగోడివి, నీకెందుకప్పా ఈ మాటలు" అని ఎవరన్నా అంటే నా జవాబు ఒకటే. మన ఇండ్లలో ఆసుపత్రికి ఎప్పుడు పోవాల, ఎవరు తోడు పోవాల, ఆపరేషన్ కాగితం మీద ఎవరు సంతకం పెట్టాల అని తేల్చేది మగోళ్ళే. అది మంచిదని నేను అనట్లేదు, ఉన్న సంగతి చెప్తున్నా. అందుకే మగోళ్ళకు రాస్తున్నా. పోస్టు పొడుగే. రాత్రి అన్నం తిన్నాక నిదానంగా చదవండి, ఇంట్లో ఆడోళ్ళకు చదివి వినిపిస్తే ఇంకా మేలు.

మన పక్క ఆడోళ్ళు గడ్డ కనపడిన రోజే ఎవరికీ చెప్పరు. నొప్పి ఉండదు కాబట్టి కలుపు అయిపోనీ, పత్తి తీత అయిపోనీ, బిడ్డ పెండ్లి అయిపోనీ అనుకుంటా దాస్తారు. చెప్పే పొద్దుకు గడ్డ నిమ్మకాయంత అయివుంటుంది, చంకలో బిళ్ళలు కట్టి ఉంటాయి, తోలు బత్తాయి తొక్క మాదిరి గుంటలు గుంటలు పడివుంటుంది. ఇంకా ఆలస్యమైతే పుండు. అప్పుడు కర్నూలుకో బళ్ళారికో పరిగెత్తుతారు. ముక్క పరీక్ష చేసి, స్కానింగులు తీసి, డాక్టరు "ముందు కీమో, తర్వాత ఆపరేషన్" అంటాడు. గొడవ అక్కడ మొదలవుతుంది.

గడ్డ ఎదురుగా కనపడుతుంటే కోసి తీసేయకుండా నెలల తరబడి సూది మందులు ఎందుకు అని ఇంటోళ్ళకు అనుమానం. బిల్లు కోసం సాగదీస్తున్నారని ఒకడంటాడు. ఇంగ ఆపరేషన్‌కు కూడా పనికిరాదు, చేతులెత్తేసినారని ఇంకొకడు ఏడుస్తాడు. లోపల పెట్టుకుంటే ఒళ్ళంతా పాకుతుంది, వేరే ఆసుపత్రిలో వెంటనే కోస్తారంట అని మూడోవాడు ఇంకో ఊరి పేరు చెప్తాడు. ముగ్గురూ మనోళ్ళే, ముగ్గురిదీ ప్రేమే. కానీ ముగ్గురిదీ తప్పు లెక్క.

నా మాట ఏందంటే, ఈ మూడు అనుమానాలకన్నా ప్రాణం తీసేది నాలుగోది ఉంది. నాలుగైదు సార్లు మందు పోసినాక గడ్డ కరుగుతుంది. చేతికి తగలదు. మనిషి తేలిక పడుతుంది, అన్నం తింటుంది, బావి కాడికి పోయి బట్టలు ఉతుకుతుంది. అప్పుడు ఇంట్లో అనుకుంటారు, పోయింది కదా, ఇంగ ఆపరేషన్ ఎందుకు, సుగ్గికి పోయి వచ్చినాక చూద్దాం అని. ఈ పోస్టు రాసేది ముఖ్యంగా దాని కోసం.

ముందు కీమో ఎందుకో మొదట చెప్తా.

గడ్డ చిన్నగా, కదిలేటట్టు ఉంటే చాలామందికి ముందే ఆపరేషన్ చేస్తారు. చిన్న గడ్డకు కూడా కొన్ని రకాల్లో మందే ముందు పోస్తారు, అది వేరే సంగతి. పెద్ద గడ్డ, తోలుకు అంటుకున్న గడ్డ, ఎద గోడకు పట్టుకున్న గడ్డ, చంకలో బిళ్ళలు ఒకదానికొకటి కలిసిపోయిన గడ్డ, రొమ్మంతా ఎర్రగా వాచిపోయిన రకం, వీటన్నిటి లెక్క వేరు. పాతకాలంలో వీటికి కూడా కత్తే ముందు పట్టేవాళ్ళు. 1943లో న్యూయార్క్‌లో హాగెన్సన్, స్టౌట్ అనే ఇద్దరు డాక్టర్లు తాము కోసిన కేసులన్నీ తిరగేసి చూసి ఒక మాట రాసినారు. తోలు వాచి పుండు పడినా, గడ్డ ఎద గోడకు అంటుకున్నా, చంకలో బిళ్ళలు పెద్దవై కదలకుండా బిగుసుకుపోయినా, కోసినందువల్ల లాభం లేదు, రోగం మళ్ళీ లేస్తుంది అని. అంటే వెంటనే కోయాల అని మనం ఈరోజు పట్టుబట్టే పద్ధతిని 80 ఏండ్ల కిందటే చేసి చూసి, పనికిరాదని తేల్చినారు.

తర్వాత మందులు వచ్చినాయి. 1970ల్లో ఇటలీలోని మిలాన్ డాక్టర్లు ఇట్లాంటి ముదిరిన గడ్డలకు ముందు మందు ఎక్కించి, గడ్డను తగ్గించి, ఆ తర్వాత మిగిలిన వైద్యం చేయడం మొదలుపెట్టినారు. ఈరోజు కర్నూలులో గానీ, హైదరాబాద్ ఎమ్ఎన్‌జేలో గానీ, బెంగళూరు కిద్వాయిలో గానీ, ముంబై టాటాలో గానీ, మూడో స్టేజీ గడ్డకు ముందు మందు అనేది మామూలు పద్ధతి. ఏ ఒక్క డాక్టరు సొంత తెలివీ కాదు.

మన చేను మాటల్లో చెప్పాలంటే తుంగ సంగతి గుర్తుపెట్టుకోండి. చేన్లో తుంగ మొలిస్తే కొడవలితో పైన కోస్తే ఏమైతుంది? పది రోజులకు మళ్ళా లేస్తుంది, కింద గడ్డలు ఉంటాయి కాబట్టి. రొమ్ములో గడ్డ ఇంత పెద్దగా అయిందంటే కంటికి కనపడని విత్తనాలు నెత్తురులో కలిసి వేరే చోట పడివుండే అవకాశం ఎక్కువ. స్కానింగులో కూడా కనపడనంత చిన్నవి. కత్తి పోయేది రొమ్ము వరకే. నరం లోంచి ఎక్కించిన మందు ఒళ్ళంతా పోతుంది. అందుకే ముందు మందు పోసినప్పుడు వైద్యం ఆలస్యం అయినట్టు కాదు, మొదటి రోజే మొదలైనట్టు.

ఇంకొక లాభం ఉంది, రైతుకు ఇది ఇట్టే అర్థమయ్యేది. మనం మందు కొట్టినాక మూడో రోజు చేన్లోకి పోయి ఆకు తిప్పి చూస్తాం, పురుగు చచ్చిందా లేదా అని. గడ్డ ముందే కోసేస్తే, తర్వాత పోసే మందు పని చేస్తుందా లేదా అని చూడటానికి ఏమీ మిగలదు. గడ్డ ఉండగానే మందు పోస్తే, అది తగ్గుతోందా, అట్లనే ఉందా, పెరుగుతోందా అని డాక్టరు చేత్తో, స్కానింగుతో చూస్తాడు. తగ్గకపోతే మందు మారుస్తాడు, లేదా ఆపరేషన్ ముందుకు జరుపుతాడు. కొద్దిమందిలో మందు పని చేయదు, గడ్డ పెరుగుతుంది కూడా. అది దాచేది కాదు. ప్రతి సూదికి ముందు డాక్టరు చెయ్యి పెట్టి చూస్తున్నాడా లేదా గమనించండి, చూడకపోతే మర్యాదగా అడగండి.

ముందు మందు పోస్తే ఆయుష్షు తగ్గుతుందేమో అన్న భయానికి కూడా జవాబు ఉంది. 1988లో అమెరికాలో ఒక పెద్ద పరీక్ష మొదలుపెట్టినారు. ఆపరేషన్‌కు వీలైన గడ్డలున్న 1,523 మంది ఆడవాళ్ళను రెండు వైపులుగా చేసి, ఒక వైపు వాళ్ళకు ఆపరేషన్‌కు ముందు, రెండో వైపు వాళ్ళకు ఆపరేషన్ తర్వాత, అవే మందులు, అన్నే సార్లు ఇచ్చినారు. ఏండ్ల తరబడి చూసినారు. బతికిన వాళ్ళ లెక్క రెండు వైపులా ఒకటే. తేడా ఒక్కటే, ముందు మందు పోసిన వైపు రొమ్ము మొత్తం తీయకుండా గడ్డ వరకే తీయగలిగిన వాళ్ళు ఎక్కువ. నూటికి 67 మంది సుమారుగా, రెండో వైపు 60. వీళ్ళకు ఉన్నవి మరీ ముదిరిన గడ్డలు కావు, అది కూడా చెప్పాల. అయినా ముందు మందు పోసినంత మాత్రాన నష్టం లేదని ఈ లెక్కతో తేలింది.

ఇంగ అసలు మాటకు వస్తా. అదే పరీక్షలో ముందు మందు పోసిన వాళ్ళలో నూటికి 36 మందికి గడ్డ పూర్తిగా కరిగిపోయింది. డాక్టరు చేతికి ఏమీ తగల్లేదు. వాళ్ళకు కూడా ఆపరేషన్ చేసి, తీసిన ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసినారు. చేతికి ఏమీ తగలని ఆ వాళ్ళలో నిజంగా క్యాన్సర్ లేకుండా పోయింది ఎంతమందికో తెలుసా? నాలుగో వంతుకు. తక్కిన ముప్పావు మందిలో లోపల ఇంకా ఉంది. చదువుకున్న, చేయి తిరిగిన డాక్టర్ల చేతికే అందలేదు. మన చేతికి ఏం అందుతుంది?

ఈ లెక్క పాత మందుల కాలంది. ఇప్పుడు వచ్చిన మందులతో, ముఖ్యంగా హెర్-2 రకం గడ్డల్లో, లోపల కూడా ఏమీ మిగలని వాళ్ళు ఎక్కువే ఉంటున్నారు. అయినా ఎవరిలో మిగిలిందో ఎవరిలో మిగల్లేదో గట్టిగా తెలిసేది తీసి చూసినాకే. మిగిలివుంటే దానికి తగ్గట్టు తర్వాత మందు పెంచుతారు. జపాన్, కొరియాల్లో చేసిన ఒక పరీక్ష ఫలితం 2017లో వచ్చింది. ఇట్ల మిగిలివున్న వాళ్ళకు ఆపరేషన్ తర్వాత కేపసిటబిన్ అనే మాత్రలు ఇస్తే ఎక్కువ మంది బతికినారు. ఆపరేషన్ మానేసిన ఇంటికి ఈ సంగతి ఏదీ తెలియదు. తెలిసే రోజుకు గడ్డ మళ్ళీ లేచి ఉంటుంది. అంతకుముందు లొంగిన మందుకు ఈసారి లొంగుతుందన్న నమ్మకం లేదు.

ఇప్పుడు క్యాలెండర్ తీసుకోండి, ఒక లెక్క వేద్దాం.

చాలామందికి వేసే పద్ధతి ఇది. మొదట నాలుగు సార్లు ఒక జత మందులు, అందులో ఎర్రగా ఉండేది ఒకటి. తర్వాత నాలుగు సార్లు ఇంకో రకం. ఒక్కోసారికి 21 రోజుల ఎడం. రెండో రకాన్ని కొందరికి వారం వారం 12 సార్లు కూడా ఇస్తారు. ఎట్ల చూసినా అయిదున్నర, ఆరు నెలలు. 21 రోజులు ఎందుకంటే, మందు పడినాక వారం నుంచి రెండు వారాల మధ్య నెత్తుట్లో తెల్లకణాలు బాగా పడిపోయి, మూడో వారానికి మళ్ళీ లేస్తాయి. మనిషి కోలుకుంటుంది, క్యాన్సర్ కోలుకోకముందే ఇంకో దెబ్బ పడాల. మన కలుపు మందుకు, మన రెండో స్ప్రేకు కూడా రోజుల లెక్క ఉంటుంది కదా, పండగ వచ్చిందని పురుగు ఆగదు.

సెప్టెంబర్ 1న మొదటి సూది పడిందనుకోండి. 21 చొప్పున కూడుకుంటా పోతే ఎనిమిదో సూది జనవరి 26న పడుతుంది. దాని తర్వాత మూడు నాలుగు వారాలకు ఆపరేషన్. అంటే ఫిబ్రవరి నడుమ, శివరాత్రికి అటో ఇటో. ఆ నెలలో మన ఊర్లు ఎట్ల ఉంటాయో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం పక్క సగం ఇండ్లకు తాళాలు. గుంటూరు, పల్నాడు మిరప చేన్లలో ఉంటారు మనోళ్ళు. బండ్లు ఎక్కేటప్పుడు జతగా ఎక్కుతారు, మొగుడు పెండ్లాం ఇద్దరూ. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేది కూడా జతకే. అయిదు నెలలు సూది మందు పట్టిన మనిషి, గడ్డ కరిగి, జుట్టు మళ్ళీ మొలిచే టైముకు ఊర్లో ఒక్కతే ఉండలేక, అప్పు గుర్తొచ్చి, బండెక్కుతుంది. ఆపరేషన్ తేదీ ఆసుపత్రి కాగితం మీదనే ఉండిపోతుంది.

వానలు లేక, నీళ్ళు లేక వలస పోయేవాళ్ళను తప్పు పట్టే మనిషిని కాదు నేను. సుగ్గికి పోకుంటే ఏం తింటారు అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ ఒక్క సంవత్సరం, ఆ ఒక్క ఇంట్లో, జతలో ఒకరు తగ్గాల. ఆమె తమ్ముడో, మరిదో, కొడుకో ఆ జాగాలో పోవాల. మిరప కాయ మళ్ళీ సంవత్సరం కూడా పండుతుంది.

ఆపరేషన్ అయినాక కూడా పని అయిపోలేదు. చాలామందికి కరెంటు పెడతారు, మూడు నుంచి అయిదు వారాలు, వారానికి అయిదు రోజులు. హార్మోన్ రకం గడ్డ అయితే టామాక్సిఫెన్ గానీ లెట్రోజోల్ గానీ మాత్ర అయిదేండ్లు, కొందరికి పదేండ్లు వేసుకోవాల. హెర్-2 రకం అయితే దానికి పోసే ట్రాస్టుజుమాబ్ సూది మొత్తం సంవత్సరం. ఏ రకమో తెలిసేది మొదటి ముక్క పరీక్షలోనే. ఈఆర్, పీఆర్, హెర్-2 అని మూడు ఉంటాయి, ఆ కాగితం పట్టా పాసుపుస్తకం మాదిరి దాచుకోండి. ముక్క తీస్తే పాకుతుందని కొందరు ఆ పరీక్షకే ఒప్పుకోరు. అది ఉత్త మాట. ముక్క లేకుండా ఏ మందు పోయాలో ఎవరికీ తెలియదు.

సూది మందు నడిచేటప్పుడు ఇంటోళ్ళు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది జ్వరం. తెల్లకణాలు పడిపోయిన ఆ వారం పది రోజుల్లో జ్వరం 100.4 దాటితే, అర్ధరాత్రి అయినా సరే, బండి కట్టించుకుని పెద్దాసుపత్రికి పోవాల. ఊర్లో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుని తెల్లారనీలే అనుకుంటే చాలా నష్టపోతారు. ఆర్ఎంపీలు మనకు చాలా పనులకు ఆసరా, నేను కాదనను. ఈ ఒక్క జ్వరం వాళ్ళది కాదు. ఇంట్లో జ్వరం చూసే కడ్డీ లేకుంటే ఒకటి కొనిపెట్టుకోండి.

ఎర్ర మందు పడినాక ఒంటేలు ఎర్రగా వస్తుంది, నెత్తురేమో అని భయపడొద్దు, ఒకట్రెండు రోజుల్లో సర్దుకుంటుంది. ఆ మందు గుండె మీద పని చేస్తుంది కాబట్టే మొదట ఎకో పరీక్ష తీస్తారు. రెండు మూడు వారాలకు జుట్టు రాలుతుంది. ఇది మగోళ్ళకు చిన్న సంగతి, ఆడమనిషికి కాదు. ఊర్లో పది మంది చూస్తారని ఇంట్లోంచి బయటికి రాదు, రెండో సూదికి పోనంటుంది. జుట్టు మళ్ళీ వస్తుంది అని డాక్టరు చెప్పే మాట, ఇంట్లో అత్తగారు కూడా చెప్పాల. నోటి పుండ్లు, వాంతులు, చేతివేళ్ళు తిమ్మిర్లు, ఇవన్నీ డాక్టరుకు చెప్పండి, మందులు ఉన్నాయి.

ఇంగ పథ్యం. మనోళ్ళకు రోగం వస్తే మొదట తీసేసేది గుడ్డు, మాంసం, పెరుగు. గంజి, చారన్నం మీద పెడతారు. కీమో పట్టే మనిషికి కావాల్సింది దానికి ఎదురు. పప్పు, గుడ్డు, పాలు, బుడ్డలు, మాంసం తినే ఇల్లైతే బాగా ఉడికిన మాంసం. ఒంట్లో బలం లేకపోతే రక్త పరీక్షలో లెక్కలు పడవు, లెక్కలు పడకపోతే సూది వాయిదా, వాయిదా పడితే క్యాన్సర్‌కు సెలవు ఇచ్చినట్టు. బయటి నీళ్ళు, కోసిపెట్టిన పండ్లు మాత్రం వద్దు.

ఆకు పసరు కట్టేవాళ్ళ గురించి కూడా రాయాల. గడ్డ మీద పసరు కట్టి పుండు చేసుకుని, ఆ పుండుతో ఆసుపత్రికి పోయేవాళ్ళు మన పక్క ఉన్నారు. "ఇంగ్లీషు మందు విషం, మాది చెట్టు మందు" అంటారు పసరు వాళ్ళు. కీమో మందులు యాడ నుంచి వచ్చినాయో తెలిస్తే ఆ మాట అనరు. ఆ ఎర్ర మందు ఇటలీలో ఏడ్రియాటిక్ సముద్రం పక్క ప్రాంతంలో మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి వచ్చింది, ఆ సముద్రం పేరు మీదనే ఏడ్రియామైసిన్ అని పేరు. తర్వాత పోసే పాక్లిటాక్సెల్ అమెరికాలో యూ అనే చెట్టు బెరడు నుంచి. మిలాన్ డాక్టర్లు 1970ల్లో వాడిన రెండో మందు విన్‌క్రిస్టిన్, అది మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి. అట్లని బిళ్ళగన్నేరు కాచుకుని తాగితే క్యాన్సర్ పోదు, ఉన్న ఆరోగ్యం పోతుంది. చెట్టులో ఉన్నది ఎంతో, మనిషికి ఎంత పోయాలో, ఎన్ని రోజులకు పోయాలో ఏండ్లు కూర్చుని లెక్క కట్టినాకే అది మందయింది. అట్ల లెక్క కట్టినవాళ్ళలో మన తెలుగాయన ఉన్నాడు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన పరిశోధనలోంచే మెథోట్రెక్సేట్ వచ్చింది. 1970ల్లో రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ తర్వాత ఇచ్చి గెలిచిన మూడు మందుల్లో అదొకటి. ఆయన 1948లోనే పోయినాడు, అది చూడలేదు. మన బడి పుస్తకాల్లో ఆయన గురించి ఇంకొంచెం ఎక్కువ ఉంటే బాగుండు అని నాకనిపిస్తుంది.

యాడికి పోవాల అంటే, కర్నూలు మెడికల్ కాలేజీ ఆవరణలో స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఎన్టీఆర్ వైద్య సేవ, అదే మన పాత ఆరోగ్యశ్రీ, కింద క్యాన్సర్‌కు కీమో, ఆపరేషన్, కరెంటు మూడూ ఉన్నాయి. హైదరాబాద్, బెంగళూరు పోదామనుకుంటే ఆడ ఏ ఆసుపత్రిలో కార్డు చెల్లుతుందో ముందు ఆరోగ్యమిత్రను అడిగి పోండి, ఆడికి పోయినాక అడిగితే అప్పటికే చేతిలో డబ్బు ఖర్చయివుంటుంది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడోళ్ళకు టికెట్ లేదు, కర్నూలు పోయి రావడానికి ఆమె చార్జీ మిగులుతుంది. ఆదోని స్టేషన్ నుంచి రైల్లో పోయేవాళ్ళు ఆసుపత్రిలో క్యాన్సర్ రాయితీ ఫారం రాయించుకోండి. స్లీపర్‌లో పేషెంటుకు పూర్తి రాయితీ, తోడు పోయేవాళ్ళకు 75 శాతం.

అయినా ఒక మాట గట్టిగా అనాల. ఆదోని నుంచి కర్నూలు సుమారు 100 కిలోమీటర్లు, ఎమ్మిగనూరు నుంచి 70. హొళగుంద, కౌతాళం వాళ్ళకు ఇంకా ఎక్కువ. మూడు గంటలు పట్టే సెలైన్ కోసం వాంతులు చేసుకునే మనిషి తెల్లవారుజామున బస్సెక్కి, రాత్రికి దిగాల. అది ఎనిమిది సార్లు, వారం వారం పద్ధతి అయితే పదహారు సార్లు. తోడు పోయేవాడికి అన్ని రోజుల కూలి పోయినట్టే. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో మూడేండ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ సెంటర్లు పెడతామని చెప్పినారు. పొద్దున పోయి మందు ఎక్కించుకుని సాయంత్రం ఇంటికి వచ్చే పడకలు అవి. జిల్లా ఆసుపత్రి అని గీత గీస్తే మన పడమటి పక్కకు మళ్ళీ సున్నా. ఆదోని ఆసుపత్రిలో అట్లాంటివి నాలుగు పడకలు, ఆ మందు పోయడం నేర్చిన ఇద్దరు నర్సులు ఉంటే, మొదటి సూది, ఆపరేషన్, కరెంటు కర్నూలులో, నడుమ సూదులు ఈడనే అయిపోతాయి. నేర్చినవాళ్ళే పోయాల అని ఎందుకంటున్నానంటే, ఆ ఎర్ర మందు నరం పక్కకు కారితే కండ కాలిపోతుంది. ఆదోని జిల్లా కావాలని ధర్నాలు చేస్తున్నాం కదా, ఆ కాగితంలో ఈ నాలుగు పడకలు కూడా ఒక లైను రాయండి. జిల్లా ఎప్పుడొస్తుందో గానీ, పడకలు దానికోసం ఆగాల్సిన పని లేదు.

నాలుగో స్టేజీ సంగతి వేరు, అది కలిపి చూడొద్దు. ఎముకలకు, కాలేయానికి, ఊపిరితిత్తులకు పాకినాక మందు పోసేది ఆపరేషన్‌కు తయారు చేయడానికి కాదు, రోగాన్ని అదుపులో పెట్టి మనిషిని నొప్పి లేకుండా ఎక్కువ రోజులు ఉంచడానికి. అట్లాంటి ఆడవాళ్ళ మీద టాటా ఆసుపత్రిలో బడ్వే గారి బృందం పరీక్ష చేసింది, 2015లో అచ్చయింది. మందుకు లొంగినాక రొమ్ము తీసినవాళ్ళు, తీయనివాళ్ళు ఇద్దరూ ఒకే లెక్కన బతికినారు. కాబట్టి ఆ స్టేజీలో డాక్టరు ఆపరేషన్ వద్దంటే, పొలం అమ్మి ఇంకోచోట చేయించొద్దు. ఏ స్టేజీ అని డాక్టరును నోరు తెరిచి అడగండి. మూడోదా, నాలుగోదా, మందు పోసేది ఆపరేషన్ కోసమా, కాదా అని. అడిగితే చెప్తారు.

మూడో స్టేజీ అని చెప్పిన ఇంటోళ్ళు మొదటి సూది పడిన రోజే ఒక పని చేయండి. గోడ మీద క్యాలెండర్ తీసుకుని 21 చొప్పున ఎనిమిది గుండ్రాలు చుట్టండి, చివరి గుండ్రం నుంచి నాలుగు వారాలు లెక్కేసి ఆపరేషన్ అని రాయండి. వారం వారం సూదులు అయితే డాక్టరు చెప్పిన తేదీలే రాసుకోండి. ఆపరేషన్ తర్వాత నెలకు కరెంటు అని ఇంకో గీత గీయండి. దసరా తర్వాత మేస్త్రీ ఇంటికొచ్చి అడ్వాన్సు లెక్కపెట్టేటప్పుడు ఆ క్యాలెండర్ ఆయనకు చూపించి, ఈసారి మా ఇంటి నుంచి ఒక్కరే అని చెప్పి, ఒక్కరి అడ్వాన్సే తీసుకోండి.